గోళీ వెనక లెక్క

*మందుల ప్రయోగాలకు ఒళ్లప్పగించిన కుర్రాళ్ల ప్రాంతంగా ఉమ్మడి కరీంనగర్ ఒకసారి వార్తలకెక్కింది. అవే ప్రయోగాల్లో బల్లకు అవతలివైపు కూర్చుని లెక్క తేల్చే కొలువు ఒకటుంది. దాని పేరు బయోస్టాటిస్టిక్స్. వేములవాడ నుంచి అక్కడికి దారుంది. దగ్గరి దారి మాత్రం లేదు!*

హైదరాబాద్ వెళ్లి రెండు మూడు రోజులుండి, వాళ్లిచ్చిన గోళీ మింగి, రక్తమిచ్చి వస్తే చేతిలో డబ్బులు పెడతారు... ఈ మాట ఉమ్మడి కరీంనగర్ జిల్లా కుర్రాళ్లకు కొత్తది కాదు. 2017లో జమ్మికుంట ప్రాంతం నుంచి అలా వెళ్లిన యువకులు జబ్బుపడ్డారని, ఒకరు చనిపోయారని పత్రికల్లో వరసగా వార్తలొచ్చాయి. అప్పుడే చాలా ఇళ్లలో 'క్లినికల్ ట్రయల్స్' అన్న మాట మొదటిసారి వినిపించింది. భయంగా వినిపించింది. దళారులు, అవసరాలు, సంతకం పెట్టిన కాగితంలో ఏముందో చదవకపోవడం... అన్నీ చర్చకొచ్చాయి.

ఒక్క ప్రశ్న మాత్రం పెద్దగా ఎవరూ అడగలేదు. ఆ రక్తం ఎందుకు తీశారు? తీసి ఏం లెక్కగట్టారు? ఎవరు కట్టారు?

పాతిక మంది, రెండు గోళీలు

పెద్ద కంపెనీ కనిపెట్టిన మందుకు పేటెంటు గడువు తీరాక మరో కంపెనీ అదే మందును చవగ్గా తయారుచేస్తుంది. బీపీకి, షుగరుకు మనం మెడికల్ షాపులో కొనే గోళీల్లో ఎక్కువ ఇలాంటివే. కానీ చవక గోళీ కూడా అసలు గోళీలాగే ఒంట్లో కరిగి, అంతే వేగంగా, అంతే మోతాదులో రక్తంలోకి చేరుతోందా? అది తేల్చడానికే ఆరోగ్యవంతులైన వలంటీర్లు. ఈ పరీక్షను బయోఈక్వివలెన్స్ అంటారు.

పాతిక, ముప్పై మందిని రెండు జట్లు చేస్తారు. ఒక జట్టుకు ముందు అసలు గోళీ, కొన్నాళ్లు విరామమిచ్చి తర్వాత చవక గోళీ. రెండో జట్టుకు తలకిందులుగా. గోళీ వేసిన దగ్గర్నుంచి గంటలవారీగా రక్తం తీసి మందు ఎంతుందో కొలుస్తారు. కాగితం మీద గీస్తే కొండలా లేచి మెల్లగా దిగే గీత వస్తుంది. కొండ ఎత్తెంత? కొండ కింద వైశాల్యం ఎంత? రెండు గోళీలకూ ఆ రెండు అంకెల నిష్పత్తి చూస్తారు. 90 శాతం నమ్మకంతో చెప్పగల హద్దులు రెండూ 80కీ, 125కీ మధ్య పడితేనే చవక గోళీ పాసు. కింద 20 తగ్గితే పైన కూడా 20 పెరిగి 120 ఉండాలి కదా అని అనుమానం రావడం సహజం. ఇక్కడ కూడికలు కాదు, నిష్పత్తులు. ఒకటిని 0.8తో భాగిస్తే వచ్చేది 1.25. తొమ్మిదో తరగతి లెక్కే!

విరామం సంగతి చూడండి. మొదటి మందు ఒంట్లోంచి పూర్తిగా పోకముందే రెండోది వేస్తే లెక్క చెడుతుంది. ఒకచోట ప్రయోగం ముగించుకున్న కుర్రాడు డబ్బు కోసం ఆ సంగతి దాచి మర్నాడే మరోచోట చేరితే, ముప్పు అతని ప్రాణానికి మాత్రమే కాదు. పాత మందు అవశేషం కొత్త మందు అంకెల్లో కలుస్తుంది. ఆ అంకెల్ని నమ్మి బజారులోకి వచ్చిన గోళీని రేపు మన నాన్నో, పెద్దమ్మో వేసుకుంటారు.

ఎంతమంది మీద ప్రయోగించాలన్నది ఇంకా పెద్ద సంగతి. తక్కువ మందిని తీసుకుంటే ఫలితం తేలదు, వాళ్లిచ్చిన రక్తమంతా వృథా. మరీ ఎక్కువైతే అక్కర్లేని ఒళ్లలోకి సూదులు దిగినట్టు. మందు స్వభావం, మనిషికీ మనిషికీ ఉండే తేడా, ఎంత పొరపాటుకు సిద్ధపడగలం... ఇవన్నీ వేసి 'ఇంతమంది చాలు' అని ప్రయోగం మొదలుకాకముందే చెప్పేది బయోస్టాటిస్టీషియన్. డాక్టరు కంటే ముందు, కాంపౌండరు కంటే ముందు, ఎన్ని ఒళ్లు కావాలో నిర్ణయించేది ఆ లెక్క. వలంటీర్లను పంపిన జిల్లాలో ఈ ఉద్యోగం సంగతి ఇంత తక్కువమందికి తెలియడం విచిత్రమే.

24, 106

కోవాగ్జిన్ పేరు తెలియని ఇల్లు లేదు. దాని మూడోదశ ప్రయోగం 2020 నవంబరులో మొదలైంది. దేశవ్యాప్తంగా సుమారు 25,800 మంది. సగం మందికి టీకా, సగం మందికి టీకాలా కనిపించే ఉత్తుత్తి సూది. ఎవరికేది వేశారో వేయించుకున్నవాళ్లకూ తెలియదు, వేసినవాళ్లకూ తెలియదు. లక్షణాలతో కూడిన కోవిడ్ కేసులు 130 వచ్చాక ముడి విప్పి లెక్క చూడాలని ముందే రాసిపెట్టుకున్నారు.

విప్పి చూస్తే ఉత్తుత్తి సూది జట్టులో 106 మంది, టీకా జట్టులో 24 మంది. జట్లు దాదాపు సమానం. 106 చోట 24 అంటే ముప్పు సుమారు 77 శాతం తగ్గినట్టు. ఎవరు ఎన్నాళ్లు పరిశీలనలో ఉన్నారన్నది కూడా కలిపితే 77.8. అంతేనా? కాదు. అసలు విలువ 65.2 నుంచి 86.4 దాకా ఎక్కడైనా ఉండొచ్చని కూడా ఆ వ్యాసమే చెప్పింది. 2021 నవంబరులో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. టీవీల్లో ఒక్క అంకె తిరిగింది. లెక్క తెలిసినవాళ్లు రెండు హద్దులూ చూశారు. మన ఊళ్లో తయారైన టీకా అని పొంగిపోవడానికీ, పుకారు విని పారిపోవడానికీ మధ్య నిలబడేది ఆ రెండు హద్దులే!

రాజన్న హుండీ, జిల్లా అంకెలు

వేములవాడ వాళ్లకు లెక్కింపు కొత్తేం కాదు. రాజన్న గుడి హుండీ లెక్కించిన ప్రతిసారీ రూపాయితో సహా మొత్తం పేపర్లో వస్తుంది. అదే మహాశివరాత్రికి ఎంతమంది వచ్చారంటే 'లక్షల్లో' అంటారు. డబ్బును కుప్పపోసి లెక్కపెట్టొచ్చు. ధర్మగుండం దగ్గర కదిలే జనాన్ని లెక్కపెట్టలేం. కొన్ని గంటలు, కొన్ని దారులు ఎంచుకుని, అక్కడ లెక్కపెట్టి, దాన్నుంచి మొత్తాన్ని అంచనా కట్టాలి. ఎంత తేడా రావచ్చో కూడా చెప్పాలి. ఆరోగ్య సర్వేలన్నీ చేసేది ఇదే పని.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను తీసుకోండి. దేశంలో వంద కాన్పుల్లో 21.5 సిజేరియన్లు. తెలంగాణలో 60.7! ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5, ప్రైవేటులో 81.5. సర్వే చెప్పిన అంకెలివి. వీటిని చూడగానే ప్రైవేటు ఆసుపత్రులు అవసరం లేకున్నా కోస్తున్నాయని తీర్పు చెప్పేయాలనిపిస్తుంది. చెప్పొచ్చు కూడా. కానీ లెక్కల మనిషి ముందు కొన్ని ప్రశ్నలు వేస్తాడు. మొదటి కాన్పు సిజేరియన్ అయినవాళ్లు రెండోదానికి ఎక్కడికి వెళ్తున్నారు? ముహూర్తం పెట్టించుకుని వచ్చేవాళ్లెంతమంది? కష్టమైన కేసులు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయి? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు తీసేశాక కూడా తేడా మిగిలితే, అప్పుడా ఆరోపణకు బలం. ఇలా పక్కనుంచి వచ్చి కలిసిపోయే కారణాలను విడదీయడమే ఈ చదువులో సగం.

ఆ సర్వేలో రాజన్న సిరిసిల్ల జిల్లాకు కూడా విడిగా అంకెలున్నాయి. మరి వేములవాడ మండలానికి? లేవు. అంత చిన్న ప్రాంతంలో సర్వేకు దొరికే ఇళ్లు కొన్నే. ఆ కొద్ది ఇళ్ల మీద ఆధారపడి మండలం సంగతి చెప్పబోతే అంకె ఊగిసలాడుతుంది. పక్క ప్రాంతాల సమాచారం, జనాభా లెక్కల సమాచారం అరువు తెచ్చుకుని ఆ ఊగిసలాట తగ్గించే విద్య ఉంది. ప్రపంచంలో ఆ విద్యకు పెద్దదిక్కుల్లో ఒకరు ఏలూరులో పుట్టిన జె.ఎన్.కె.రావు. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 2003లో ఆయన రాసిన పుస్తకం ఆ రంగంలో పాఠ్యగ్రంథమైంది.

దుబాయ్ వెళ్లిపోయిన పేషెంటు

ఈ చదువులో ఒక పాఠం ఉత్తర తెలంగాణ వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఒక మందు వాడిన రోగులు ఎన్నేళ్లు బతికారో ఐదేళ్లపాటు గమనిస్తున్నారనుకోండి. రెండో ఏట ఒకతను దుబాయ్ వెళ్లిపోయాడు. ఫోను కలవదు. అతణ్ని ఏం చెయ్యాలి? చనిపోయాడని రాయలేం. బతికే ఉన్నాడనీ రాయలేం. లెక్కలోంచి తీసేస్తే అతను ఆ రెండేళ్లూ బతికే ఉన్నాడన్న నిజాన్ని పారేసినట్టు.

జవాబు: కనిపించిన చివరి రోజు దాకా అతణ్ని లెక్కలో ఉంచాలి, ఆ తర్వాత మర్యాదగా పక్కకు జరపాలి. కప్లాన్, మయర్ అనే ఇద్దరు 1958లో దీనికో పద్ధతి చెప్పారు. 1972లో డేవిడ్ కాక్స్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. నేటికీ క్యాన్సర్ మందుల ఫలితాలన్నీ ఈ దారిలోనే లెక్కగడతారు. సర్వైవల్ అనాలిసిస్ అని దాని పేరు. బయోస్టాటిస్టిక్స్ ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు ఇది రాకుండా వెళ్లడం ఉట్టి చేతుల్తో పెళ్లికి వెళ్లడం లాంటిది.

ఎముకలు కొలిచిన మనవాడు

హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ పక్కనుంచి వెళ్లే రోడ్డుకు ప్రొఫెసర్ సి.ఆర్.రావు పేరుంది. రోజూ వేల ఐటీ ఉద్యోగులు ఆ దారిన వెళ్తారు. ఆయనెవరో ఎందరికి తెలుసో!

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో తెలుగు కుటుంబంలో, నేటి కర్ణాటకలోని హడగలిలో పుట్టారు. నాన్న పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీల వల్ల గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం తిరిగిన చదువు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే ఫస్టు ర్యాంకు. అయినా పరిశోధనకు ఉపకారవేతనం దొరకలేదు. యుద్ధకాలం. సైన్యంలో సర్వే ఉద్యోగం ఉందంటే కలకత్తా వెళ్లారు. అదీ రాలేదు. బస చేసిన హోటల్లో పరిచయమైన ఒకతను ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి చెప్పాడు. 1941 జనవరిలో అక్కడ చేరారు. పాతికేళ్లు నిండకుండానే, 1945లో, ప్రపంచమంతా 'క్రామర్-రావు' హద్దుగా చదువుకునే ఫలితాన్ని అచ్చువేశారు.

ఆ తర్వాత ఆయన కేంబ్రిడ్జి వెళ్లింది ఏ పనికో తెలుసా? సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వకాల్లో దొరికిన పాతకాలపు అస్థిపంజరాల కొలతలు విశ్లేషించడానికి! ఆ పని చేస్తూనే ఆర్.ఎ.ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. జీవశాస్త్రానికీ గణితానికీ వియ్యం కుదిర్చినవాడు ఫిషర్. ఆ ఇంట్లోంచి వచ్చినవాడు రావు. 2001లో పద్మవిభూషణ్, 2023లో గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి. అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో, అమెరికాలో కన్నుమూశారు.

ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు?

ఇంటర్లో ఎంపీసీ, డిగ్రీలో గణితంతో పాటు స్టాటిస్టిక్స్. ఇదే మొదటి మెట్టు. ఇంజినీరింగ్ సీటు రానివాళ్ల గ్రూపని ఇళ్లలో దీనికో చిన్నచూపుంది. అగ్రహారం ప్రభుత్వ డిగ్రీ కాలేజీకో, రాజన్న పేరే పెట్టుకున్న కరీంనగర్ ఎస్‌ఆర్‌ఆర్ కాలేజీకో పంపేముందు ఏ గ్రూపుల్లో స్టాటిస్టిక్స్ ఉందో కనుక్కోండి. ఉత్త కంప్యూటర్ సైన్సు డిగ్రీతో ఈ పీజీలో చేరడం కష్టం.

రెండో మెట్టు ఎమ్మెస్సీ. ఇక్కడే ఎక్కువమంది తికమక పడతారు. సర్టిఫికెట్ మీద 'బయోస్టాటిస్టిక్స్' అని ఉండితీరాలా? అక్కర్లేదు. గట్టి స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ కూడా అంతే పనికొస్తుంది. పలుచని బయోస్టాటిస్టిక్స్ కోర్సు కంటే నయం కూడా. ఉస్మానియా, కాకతీయల్లో స్టాటిస్టిక్స్ పీజీకి సీపీగెట్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ. కాన్పూర్, బొంబాయి ఐఐటీల్లాంటి చోట్లకు జామ్ పరీక్షలో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపరు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఎంస్టాట్‌కు విడిగా ప్రవేశపరీక్ష. అది కఠినం, కానీ రాసిన ప్రయత్నమే సగం తయారీ.

నేరుగా బయోస్టాటిస్టిక్సే కావాలంటే వెల్లూరు సీఎంసీ, మణిపాల్ ఉన్నాయి. ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ బయోస్టాటిస్టిక్స్, డెమోగ్రఫీ కలిపి చెబుతుంది. వెల్లూరులో లాభం ఏమిటంటే ఆసుపత్రి పక్కనే ఉంటుంది. పుస్తకంలో అంకె కాదు, వార్డులో మనిషి కనిపిస్తాడు.

చదువయ్యాక? మందుల కంపెనీలు, వాటికి ప్రయోగాలు చేసిపెట్టే సంస్థలు. నోవార్టిస్, పారెక్సెల్ లాంటివాటికి హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి. స్విట్జర్లాండ్ మందు ప్రయోగం తాలూకు పట్టికలు హైటెక్ సిటీలో తయారవడం ఇప్పుడు మామూలే. ప్రభుత్వంలో అయితే భారత వైద్య పరిశోధనా మండలి సంస్థలు, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. మెడికల్ కాలేజీల కమ్యూనిటీ మెడిసిన్ విభాగాల్లోనూ స్టాటిస్టీషియన్‌కు చోటుంటుంది. 2023లో సిరిసిల్లకే ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. యూపీఎస్‌సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు పరీక్ష వీటన్నిటికీ పక్కన మరో తలుపు.

మూడు నెలల మాయ

అమీర్‌పేట గోడల మీద 'క్లినికల్ సాస్' అన్న బోర్డు చూసే ఉంటారు. సాస్ అనేది మందుల ప్రయోగాల సమాచారాన్ని పట్టికలు చేసే సాఫ్ట్‌వేర్. అది నేర్చుకుంటే స్టాటిస్టికల్ ప్రోగ్రామర్ ఉద్యోగం రావచ్చు. గౌరవమైన ఉద్యోగమే. బీఫార్మసీ, ఎంఫార్మసీ చదివిన తెలుగు పిల్లలెందరో అందులో స్థిరపడ్డారు. కానీ ప్రోగ్రామర్ వేరు, బయోస్టాటిస్టీషియన్ వేరు. వంటకం రాసిచ్చినవాడు ఒకరు, వండేవాడు ఒకరు. మొదటివాడు ఎందుకు ఆ పద్ధతి ఎంచుకున్నాడో అధికారుల ముందు నిలబడి చెప్పుకోవాలి. అది మూడు నెలల్లో రాదు.

బోర్డు పెట్టినవాళ్లందరూ ఈ తేడా చెప్పరు. ఫీజు కట్టేముందు తల్లిదండ్రులే అడగాలి. ఇక దొంగ అనుభవ పత్రాలు ఇప్పిస్తామనే మాట ఎవరైనా అంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయడమే. మనుషుల ప్రాణాలతో ముడిపడిన పట్టికలవి. ఇంకో సంగతి. ఒకే మూసలో పట్టికలు చేసే పని కృత్రిమ మేధతో వేగంగా కంప్యూటర్ చేతిలోకి పోతోంది. పోనిది ఆలోచించే భాగం.

ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా నివేదికలూ ఉచితమే. డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్న పిల్ల సెలవుల్లో సొంత జిల్లా అంకెల్ని పక్క జిల్లాలతో పోల్చి పది పేజీలు రాస్తే, ఏ ఇంటర్వ్యూలోనైనా సర్టిఫికెట్ కంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది.

అప్పు చేసి అమెరికా?

బయోస్టాటిస్టిక్స్‌కు ప్రత్యేక విభాగం పెట్టిన తొలి విశ్వవిద్యాలయాల్లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఒకటి. 1918లో! అక్కడి చదువు గొప్పదే. అయితే లెక్క చూసుకోవాలి. పీహెచ్‌డీ సీటుకు సాధారణంగా ఫీజు మాఫీ, నెలనెలా భృతి ఉంటాయి. ఎంఎస్‌కు చాలాచోట్ల జేబులోంచే. మరమగ్గం మీద బతికే ఇంట్లోనో, గల్ఫ్ నుంచి డబ్బు వచ్చే ఇంట్లోనో భూమి తాకట్టు పెట్టి పంపేది ఎక్కువగా ఈ ఎంఎస్‌కే. 2025లో అక్కడ ఆరోగ్య పరిశోధన నిధులకు కోతలు పడ్డాయి. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. విమానం ఎక్కించేముందు ఈ రెండూ తెలిసి ఉండాలి. ఇక్కడ ఎమ్మెస్సీ, రెండు మూడేళ్ల ఉద్యోగం, ఆ తర్వాత పీహెచ్‌డీకి దరఖాస్తు... ఈ వరస కాస్త ఆలస్యం. అప్పు మాత్రం తక్కువ.

బైపీసీ పిల్లల సంగతి చాలామంది అడుగుతారు. గణితం లేని డిగ్రీతో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీకి తలుపులు దాదాపు మూసే ఉంటాయి. ఎపిడెమియాలజీ వాళ్లకు దగ్గరి చుట్టం. రోగాలు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తున్నాయో వెతికే శాస్త్రం. దానికి పబ్లిక్ హెల్త్‌లో పీజీ ఎంపీహెచ్ చెయ్యాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే ఆ కోర్సుంది. ఎంపీసీ వాళ్లు మాత్రం జామ్ తేదీలు గుర్తుపెట్టుకోవాలి. దరఖాస్తులు మామూలుగా సెప్టెంబరులో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ రాయొచ్చు.